శీతల సరోవర గర్భంలో

ఉత్తర అమెరికా ఖండంలోని పంచ మహాసరోవరాలలో సుపీరియర్ సరస్సు అతి పెద్దది. దాని వైశాల్యం సుమారు 82,100 చదరపు కిలోమీటర్లు. గరిష్ఠ లోతు 406 మీటర్లు. మంచినీటి సరస్సే అయినా తుపాను వేళ అది సముద్రాన్ని తలపిస్తుంది. 1905 నవంబరు 28న మిన్నెసోటా తీరంలో 'మదీరా' అనే ఉక్కు నౌక, తనను లాగుతున్న ఓడ నుండి విడివడి, కొండచరియను ఢీకొని ముక్కలైంది. ఫ్రెడ్ బెన్సన్ అనే నావికుడు తాడు చేతబట్టి రాతిపైకి దూకి, నిట్టనిలువు కొండను ఎగబాకి, సహచరులను ఆ తాడు ఆధారంగా రక్షించాడు. ఒక్కరు మాత్రం ప్రాణాలు కోల్పోయారు. ఇటువంటి ప్రమాదాల ఫలితంగానే సమీపంలో స్ప్లిట్ రాక్ దీపస్తంభం 1910లో వెలిగింది.

ఉప్పు లేని చల్లని నీటిలో ఇనుము తుప్పు పట్టడం మందగిస్తుంది. అందుచేత మదీరా శిథిలాలు నేటికీ నిలిచి ఉన్నాయి. పడవ అవసరం లేకుండా ఒడ్డు నుండే ఈదుకుంటూ వెళ్ళి, నీట మునిగి వాటిని చూడవచ్చు. అయితే ఇది కేవలం వినోదం కాదు.

నీరు 4 డిగ్రీల సెల్సియస్ వద్ద అత్యధిక సాంద్రత పొందుతుంది. కనుక వేసవిలో పైనీరు వెచ్చబడినా అడుగు నీరు శీతలంగానే ఉంటుంది. నీరు శరీరపు వేడిని గాలికన్నా ఎన్నో రెట్లు వేగంగా హరిస్తుంది. అందుకే డైవర్లు నీరు చొరబడని 'డ్రై సూట్' ధరిస్తారు. సిలిండరులోని గాలి వ్యాకోచించేటప్పుడు చల్లబడుతుంది. ఆ చలికి శ్వాసనిచ్చే రెగ్యులేటరులో మంచు గడ్డకట్టి గాలి ఆగకుండా వెలువడవచ్చు. అప్పుడు నిల్వ త్వరగా ఖాళీ అవుతుంది.

మీరు చదివిన బాయిల్ నియమం ఇక్కడ ప్రాణసూత్రం. పది మీటర్ల లోతున పీల్చిన గాలి ఉపరితలానికి చేరేసరికి దాదాపు రెట్టింపు ఘనపరిమాణం పొందుతుంది. ఊపిరి బిగబట్టి పైకి వస్తే ఊపిరితిత్తులు చిట్లే ప్రమాదముంది. త్వరపడి పైకి వచ్చినా, రక్తంలో కరిగిన నత్రజని బుడగలై బాధిస్తుంది. అందువల్ల నెమ్మదిగా, శ్వాసిస్తూనే పైకి రావాలి.

లోతు తెలియని నీట దిగరాదని మన పెద్దలు హెచ్చరిస్తారు. లోతు తెలిసిన చోట సైతం జాగ్రత్త విడువరాదని ఈ సరస్సు బోధిస్తుంది. గాలిలో మూడవ వంతు వెళ్ళడానికి, మూడవ వంతు తిరిగి రావడానికి, మిగిలినది ఆపదకు, తోటివారికి దాచుకోవడం అనుభవజ్ఞులు పాటించే పద్ధతులలో ఒకటి. శిథిలం ఇంకా కొంత దూరంలో కనబడుతున్నా, కొలమానం హద్దు చూపగానే వెనుదిరగాలి. నాడు తోటివారి కోసం ముందుకు దూకడం బెన్సన్ సాహసం. నేడు తోటివారి ఊపిరిని తలచి వెనుదిరగడమూ సాహసమే.