ఖడ్గమృగపు వేషముతో పరుగెత్తినవారు

పఠన భాగములు: 1 కొరింథీయులకు 9:24–27, యోనా 4వ అధ్యాయము, సామెతలు 12:10



కొరింథు పట్టణమునకు కొద్ది దూరములో ఇస్త్మియ అను స్థలమున రెండేండ్లకొకసారి ఆటల పండుగ జరుగుచుండెను. పౌలు ఆ పట్టణమందు ఏడాదిన్నర కాపురముండెను. గనుక పందెమునుగూర్చి ఆయన వ్రాసినది, దానిని కన్నులార చూచినవారికి వ్రాసినదే. గెలిచినవానికి దొరకునది ఆకులతో అల్లిన కిరీటము. నాలుగు దినములలో వాడిపోవును. దానికొరకు నెలల తరబడి నోరు కట్టుకొని, ఒళ్లు వంచి సాధన చేసెడివారు.

మన కాలములో మారథాను అను పరుగు ఉన్నది. దాని దూరము 42 కిలోమీటర్ల 195 మీటర్లు. మన పెద్దల లెక్కలో మూడామడలకు పైమాట. రాజమండ్రిలో బయలుదేరినవాడు గోకవరము దాటి అడవి దారిలో చాల దూరము వచ్చినట్టు. 1896లో ఏథెన్సులో జరిగిన ఒలింపిక్ ఆటలలో ఈ పరుగు గెలిచిన స్పిరిడాన్ లూయిస్ నీళ్లు మోసి బ్రదికిన పల్లెటూరివాడు. కావిడి భుజాన వేసికొని సంతకు పోయి దీపాలవేళకు ఇల్లు చేరు మన కొండవారికి ఇది వింతగా తోచదు. అయితే పరుగు వేరు. ముప్పదవ కిలోమీటరు దగ్గర దేహములో దాచియున్న చక్కెర తరిగిపోవును. కాళ్లు సీసపు ముద్దలవలె బరువెక్కును. సాధన లేనివాడు అక్కడనే కూలబడును.

ఇంత శ్రమయు చాలదన్నట్టు, 1992లో లండను మారథానులో కొందరు ఖడ్గమృగపు వేషము తగిలించుకొని పరుగెత్తిరి. అది ఒక నాటకముకొరకు చేసిన వేషము. బరువు సుమారు 10 కిలోలు. లోపల గాలి ఆడదు. చూచువారు నవ్విరి, నవ్వుచునే సొమ్ము ఇచ్చిరి. అటుపిమ్మట 1994లో ఏర్పడిన 'సేవ్ ది రైనో' అను సంస్థ పక్షమున ఏటేట ఆ వేషములు లండను వీధులలో కనబడుచునే యున్నవి. పద్ధతి యేమనగా, పరుగెత్తువాడు తన బంధువులను, స్నేహితులను, పనిచేయు చోటివారిని అడిగి, ఇంత సొమ్ము తెత్తునని ముందుగా మాట యిచ్చును. అతని చెమట చూచి వారు చందా వేయుదురు. మన కోతకాలపు కానుకలవంటిదే, కాని ఇక్కడ కొలత ధాన్యము కాదు, కాళ్ల సత్తువ.

ఎందుకింత తొందర? ఆఫ్రికాలో నల్ల ఖడ్గమృగములు 1970 ప్రాంతమున సుమారు 65,000 ఉండగా, 1995 నాటికి 2,400 మాత్రమే మిగిలెను. కొమ్ముకొరకు చంపిరి. ఆ కొమ్ములో మన గోళ్లలోని పదార్థము తప్ప వేరొకటి లేదు. అది జ్వరమునకు మందని నమ్మినవారు బంగారము వెల యిచ్చి కొనిరి. కావలివారిని పెట్టి కాపాడిన మీదట ఆ సంఖ్య తిరిగి 6,000 దాటెను.

ఇక్కడ ఒక మాట వినబడును: "మా పిల్లలకు పుస్తకములు లేవు, మందులు లేవు. మృగములకు చందాయా?" ఇది కోపముతో అన్నను న్యాయమైన ప్రశ్నయే. త్రోసివేయకూడదు. యోనా గ్రంథపు కడపటి వచనము చూడుడి. నీనెవెను కనికరించుటకు దేవుడు చెప్పిన కారణములలో మనుష్యులు ముందు ఉన్నారు. వారి వెనువెంట పశువులును ఉన్నవి. ఒకరిని విడిచి ఒకరిని ఆయన లెక్కించలేదు. ఆ మాట పశువులలోనే ఆగిపోవుట నాకు ఎప్పుడును ఆశ్చర్యముగానే యుండును.

మన సంగతికి వత్తము. పాపికొండలు 1978లో అభయారణ్యముగాను, 2008లో జాతీయ వనముగాను ప్రకటింపబడెను. పులి, చిరుత, ఎలుగుబంటి, అడవిదున్న అందులో నున్నవి. 2022 వేసవిలో ఒక పెద్దపులి కాకినాడ జిల్లాలో ప్రత్తిపాడు, శంఖవరము ప్రాంతముల వారముల తరబడి తిరిగి పశువులను చంపెను. పట్టణములో నుండువాడు పులిని బొమ్మలో చూచి ప్రేమించును. కొండవాడు దాని అడుగుజాడ తన పశువుల దొడ్డి దగ్గర చూచును. మరియు అడవి కాపుదల అను పేరు వినగానే మన్యపు పెద్దలకు భయము కలుగుటకు కారణము లేకపోలేదు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టము పోడును, కట్టెను, మేతను కట్టడి చేసెను. 1922లో అల్లూరి సీతారామరాజు వెంట కొండవారు లేచుటకు అదియు ఒక హేతువు.

అందుచేత కెన్యా దేశములోని లేవా అను చోటు మనకు ఎక్కువ నేర్పును. అది పూర్వము పశువుల మందలు మేపుకొను క్షేత్రము. 1983లో ఆనా మెర్జ్ అను స్త్రీ ప్రోద్బలమున ఆ కుటుంబమువారు తమ నేలలో కొంత ఖడ్గమృగములకు విడిచిరి. 2000 సంవత్సరము మొదలుకొని అక్కడ మారథాను జరుగుచున్నది. అడవి మట్టిబాటలోనే పరుగు. 21 కిలోమీటర్ల చుట్టు రెండు మారులు తిరుగవలెను. సింహములు దరికి రాకుండ ఆయుధములతో కావలివారు నిలుతురు, పైన హెలికాప్టరు తిరుగును. వచ్చిన సొమ్ము మృగములకు మాత్రమే గాక చుట్టుప్రక్కల గ్రామముల బడులకు, వైద్యశాలలకు, నీటి వసతికిని పోవును. మృగము బ్రదికినందువలన తన బిడ్డ బడికి పోయెనని తల్లి చూచినప్పుడు వేటగానికి ఆ యింట చోటు దొరకునా?

గనుక మన యౌవనులలో ఎవరైన విశాఖపట్నపు సముద్రతీరమున జరుగు పరుగునకు పోయి, అడవి జంతువులకొరకు చందా అడిగినయెడల, నవ్వి పంపివేయకుడి. ఆ సొమ్ము ఎవరి చేతికి పోవునో, ఆ అడవిలో కాపురముండువారిని ఎవరైన అడిగిరో లేదో మాత్రము విచారించుడి. గోపురము కట్టదలచినవాడు ముందు కూర్చుండి లెక్క చూచుకొనునని ప్రభువు చెప్పిన సంగతి (లూకా 14:28) చందా ఇచ్చువానికిని వర్తించును.

మరి యొకటి. 2006 నాటి అటవీ హక్కుల చట్టము 5వ విభాగము వన్యమృగములను, అడవిని కాపాడు అధికారమును హక్కుదారులకును గ్రామసభకును ఇచ్చినది. మృగముల నివాసమని గుర్తించిన చోటినుండి ప్రజలను కదల్చవలెనన్నను, గ్రామసభ తెలిసి, స్వేచ్ఛగా ఒప్పుకొనవలెనని అదే చట్టము చెప్పుచున్నది. వచ్చే గ్రామసభకు పోవువారు దీనిని అక్కడ చదివి వినిపించుడి.