చింతగింజ – నేతగంజి

చింతపండు వర్తకులకు గింజ ఒక బెడద. గింజ తీయించుటకు కూలి, దానిని ఉంచుటకు చోటు, రెండును దండుగ యని చాలమంది తలంపు. కాని లెక్క వేసి చూడుడు. నూరు కిలోల చింతకాయలో గుజ్జు సుమారు 55 కిలోలు, గింజ 34, పెంకు, ఈనెలు 11. అనగా మూడవవంతు సరుకును మనము చెత్తలో వ్రాసికొనుచున్నాము.

షోలాపురం దాజీ పేట్ వంటి నేతవారి పేటలో ఈ సంగతి మరింత ఆలోచింపదగినది. ఒంటిపోగు పడుగునకు గంజి పెట్టనిదే మగ్గముపై నిలువదు. అచ్చుపళ్ల రాపిడికి నూగు లేచి పోగు తెగును. ఆ గంజికి మొక్కజొన్న పిండియో, బియ్యపు పిండియో వాడుచో అది మనుష్యులు తినదగిన ధాన్యము గదా! చింతగింజ అట్టిది కాదు.

ఇది క్రొత్త విద్యయు కాదు. తెలంగాణములో గొంగళ్లు నేయు కురుమలు ఉన్నిపడుగునకు చింతగింజల అంబలినే పూయుదురు. చేర్యాల నకాషీలు బొమ్మలు వ్రాయు బట్టను దీనితోనే సిద్ధము చేయుదురు. కొండపల్లి బొమ్మల అతుకులకు వాడు మక్కు రంపపుపొట్టు, చింతగింజల పొడి కలిపినదే. మన దేశపు మిల్లులలో నూలుగంజికై ఈ పొడి తయారీ 1943లో, యుద్ధకాలమున, వ్యాపారముగా ఆరంభమైనది. పిదప జనపనార మిల్లులును దీనిని విరివిగా వాడినవి.

గింజలను వేయించి, పొట్టు ఊడదీసి, పప్పును విసరి, సన్నని జల్లెడ పట్టవలెను. గింజ బరువులో పప్పు సుమారు 70 పాళ్లు. అందు సగమునకు మించి జైలోగ్లూకాన్ అను జిగురు పదార్థము. మాంసకృత్తులు, కొంత నూనెయు కలవు. పొట్టులో టానిన్ ఉండుటచే అది తోళ్లు పదును చేయుటకు, రంగులకు పనికివచ్చును. అదే పొట్టు పొడిలో మిగిలెనా, తెల్లనూలు ఎర్రబారును. పొడిని ముందు చల్లనీటిలో ఉండలు కట్టకుండ కలిపి, తరువాత బాగుగా మరిగించవలెను. సగము ఉడికిన గంజి పోగును పట్టదు.

లోపములు లేకపోలేదు. చల్లారిన గంజి గడ్డకట్టును, నిలువయున్నచో బూజు పట్టును. సన్నని నూలుకు, మిక్కిలి వేగముగా నడచు మగ్గములకు ఇది యొక్కటే చాలదు. ముతక, మధ్యరకపు నూలుకు మాత్రము దీనిని వదలుకొనుట తెలివి కాదని నా అభిప్రాయము.

మనవారు గమనింపవలసినవి మరి రెండు. పూర్వము మిల్లుగంజిలో పోగు మెత్తదనమునకు పశువుల కొవ్వు కలుపు వాడుక ఉండెను. గింజ మన సరుకైనంత మాత్రమున గంజి నిర్దోషమని తలపరాదు. మెత్తదనమునకు ఏమి వేయుచున్నారో అడిగి, వృక్షసంబంధమైన నూనెలనే కోరవలెను. రెండవది, గింజ నిలువయున్నచో పురుగు దొలుచును. దొలిచిన గింజను వేయించుట యనిన లోపలి జీవములను వేయించుటయే. కాబట్టి వేసవి ఆరంభమున పండు దిగినవెంటనే గింజను ఎండబెట్టి, నిలువ చేయక మరకు పంపవలెను.

పొడి కొనునప్పుడు గుప్పెడు తీసి తెల్లకాగితముపై పరచి చూడుడు. ఎర్రని చుక్కలున్నచో పొట్టు సరిగా పోలేదు. ముక్కవాసన వచ్చినచో లోని నూనె చెడినది. నూనె తీసిన పొడి ఎక్కువ దినములు నిలుచును గాని ధర ఎక్కువ. పది దినములలో వాడివేయువారికి ఆ ఖర్చు అనవసరము.