బీబీ జైనబు చరిత్రము

యాగంటి ఉమామహేశ్వరుని దర్శించి బనగానపల్లెకు మరలి వచ్చు యాత్రికుడు, అవి మొహరము దినములైనచో, పీరులను చూడక పోడు. 1948 వఱకు నవాబుల యేలుబడిలో నుండిన ఆ పట్టణమునందే గాక, నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతముల పల్లెలయందును హిందువులు సైతము పీరులకు చక్కెర చదివింతురు. గుండము చుట్టు తిరుగుదురు. పీరులలో ననేకములకు హస్తరూపము గలదు. ఆ యైదు వ్రేళ్ళు ఎవరికి గుర్తులని యడిగినచో చెప్పగలవారు కొలదిమందియే.

మహమ్మదు ప్రవక్త, ఆయన కూతురు ఫాతిమా, అల్లుడు అలీ, మనుమలు హసను, హుసేనులు – ఈ యైదుగురికి నవి గుర్తులని షియాలు చెప్పుదురు. ఈ యైదుగురును గతించిన పిమ్మట మిగిలి, వారి కథను లోకమున నిలిపిన స్త్రీ యొకతె గలదు. ఆమెయే ఫాతిమా అలీల కూతురు జైనబు.

అలీ 656 మొదలు 661 వఱకు ఖలీఫాగా నుండెను. ఆయన కూఫాను రాజధానిగా జేసికొనగా, జైనబు ఆ యూర పాలకుని కూతురై గౌరవమందెను. 680లో యజీదు ఖలీఫాయై, తనకు విధేయుడవు కమ్మని హుసేనును నిర్బంధింపగా నాతడు సమ్మతింపలేదు. కూఫావారు తమకు నాయకుడవై రమ్మని హుసేనునకు లేఖలు వ్రాసిరి. అన్నతో జైనబును బయలుదేఱెను. కాని యజీదు అధికారికి వెఱచి, పిలిచినవారే మొగము చాటుచేసిరి. కర్బలాయందు యూఫ్రటీసు నది నీరు వారికి దక్కకుండ సైన్య మడ్డగించెను. అక్టోబరు 10వ తేదీన హుసేనును, డెబ్బది యిద్దఱని చెప్పబడు ఆయన సహచరులును హతులైరి. జైనబు కుమారుడు ఔనును ఆ దినముననే మడిసెను.

తాను పాలకుని కూతురై మెలగిన కూఫాకే ఆమె బందీయై వచ్చెను. వీధులలో జనులు విలపించిరి. పిలిచి, విడిచి, ఇపుడు కన్నీరు కార్చుచున్నారా యని ఆమె వారిని నిలదీసినట్లు చరిత్రకారులు వ్రాసిరి. రోగియై బ్రదికియున్న హుసేను కుమారుని చంపింప నచ్చటి అధికారి యుత్తరువు చేయగా, మేనత్త వానిని కౌగిలించుకొని, ముందు తన్ను చంపుమనెను. అతడు బ్రదికెను. దమస్కులో యజీదు కొలువునందు ఒకడు హుసేను కూతురిని తనకిమ్మని కోరినపుడును, ఆమె ఖలీఫాకు జంకక, అట్టి హక్కు వానికిని లేదు, నీకును లేదని పలికెను. యజీదు తుదకు వారిని మదీనాకు పంపివేసెను.

సోదర సోదరీమణులారా, కర్బలాలో గెలిచినది యజీదు సైన్యము. అచ్చట నుండి ప్రాణములతో వెడలినవారు స్త్రీలు, పిల్లలు, కొలదిమంది మాత్రమే. వారు నోరు మూసికొనినచో, గెలిచినవారు చెప్పినదే చరిత్రయై యుండును. కత్తి లేని స్త్రీ, కాళ్ళు నిలుచుటకు చోటు లేని స్త్రీ, సత్యమును పలుకుట చేతనే ఓడినవారి న్యాయమును పదమూడు శతాబ్దములకు పైగా నిలుపగలిగెను. స్త్రీకి వాక్కు నిరాకరించు సంఘము తన సాక్షిని తానే పోగొట్టుకొనునని మేము తలంచుచున్నాము.

కూఫావారి కన్నీరును మనము మఱవరాదు. వారు దుర్మార్గులు కారు, భీరువులు. పొరుగింట అన్యాయము జరుగునపుడు తలుపు మూసికొని, పిదప జాలిపడు మనము వారికంటె మేలైనవారమా? ఈసారి పీరుల చావడి ముందు నిలిచినపుడు, ఆ యైదు వ్రేళ్ళతోపాటు ఆఱవ పేరును గూడ స్మరింతము. ఆమె యడిగిన ప్రశ్నకు మన నడవడిచే బదులిత్తము.