మత్తుకు ముందు ఒక ప్రశ్న

నేను సిల్తారా శాఖకు బదిలీ అయిన రెండో ఏడు మా ఆవిడకు పిత్తాశయంలో రాళ్లున్నాయని తేలింది. రాయ్‌పూర్‌లో ఆపరేషన్. ముందురోజు మత్తు డాక్టరు అడిగారు: "మీ ఇళ్లలో ఎవరికైనా ఆపరేషన్ తరువాత ఊపిరి తీసుకోవడం ఆలస్యమైందా?" లేదని ఇద్దరం ఒక్కసారే చెప్పేశాం.

రాత్రి ఫోనులో ఆ మాట విని మా అత్తగారు, "అదేమిటే! మీ పెద్దన్నయ్యకి హెర్నియా ఆపరేషనప్పుడు సాయంత్రం దాకా మిషను మీదే ఉంచారు గదా. నువ్వప్పుడు పసిదానివి" అన్నారు. ఎందుకలా జరిగిందో ఆనాడు ఎవరూ చెప్పలేదట.

తెల్లవారగానే డాక్టరుకు చెప్పాం. "మీరు వైశ్యులా?" అన్నారాయన. ఆస్పత్రిలో కులమెందుకని మనసు చివుక్కుమంది. అవునన్నాను. అప్పుడాయన విడమరచి చెప్పారు.

మత్తిచ్చి గొంతులోకి గొట్టం వేసేముందు కండరాలు సడలడానికి కొన్నిసార్లు సక్సినైల్‌కోలిన్ ఇస్తారు. రక్తంలోని బ్యుటిరైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము దాన్ని విడగొడుతుంది కాబట్టి కొద్ది నిమిషాల్లోనే ప్రభావం పోతుంది. ఆ ఎంజైము పనిచేయనివారికి ఊపిరి కండరాలు గంటల తరబడి కదలవు. వెంటిలేటర్‌పై ఉంచితే తేరుకుంటారు, గమనించకపోతే ప్రాణాపాయం. మామూలు రోజుల్లో ఈ లోపం బయటపడదు.

తల్లి నుంచీ తండ్రి నుంచీ లోపమున్న జన్యువు వస్తేనే ఇలా అవుతుంది. తల్లిదండ్రులిద్దరిలో చెరొకటి ఉంటే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు అవకాశం. తరతరాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకునే సమూహంలో, ఏ పూర్వీకుడిలోనో వచ్చిన మార్పు ఎందరికో చేరుతుంది. హైదరాబాద్ సీసీఎంబీ, హార్వర్డ్ శాస్త్రవేత్తలు 2017లో 'నేచర్ జెనెటిక్స్'లో ప్రచురించిన పరిశోధన దీనికి వైశ్యులనే ఉదాహరణగా చూపింది: వారిలో ఈ లోపం ఇతరులకంటే దాదాపు 100 రెట్లు ఎక్కువ. అలాగని ఇది ఒక్క కులానికే పరిమితం కాదు.

"ఎర్రజుట్టువాళ్లకు మత్తు ఎక్కువ కావాలంటారు గదా నాన్నా?" అన్నాడు మా అబ్బాయి. జుట్టును ఎర్రగా చేసే ఎంసీ1ఆర్ జన్యువు గురించి వాడు చదివాడు. 2004లో అమెరికాలో జరిగిన చిన్న అధ్యయనంలో ఎర్రజుట్టు స్త్రీలకు డెస్‌ఫ్లూరేన్ అనే మత్తువాయువు 19 శాతం ఎక్కువ అవసరమైంది. తరువాతి పెద్ద అధ్యయనాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. జుట్టు రంగు అద్దంలో కనబడుతుంది. మా ఇంటి సంగతి మాత్రం అత్తగారి జ్ఞాపకంలో తప్ప ఎక్కడా లేదు.

రక్తపరీక్షలో మా ఆవిడకు ఆ ఎంజైము బాగా తక్కువని తేలింది. డాక్టరు ఆ మందు జోలికి పోకుండా వేరేది వాడారు. ఆమె వేళకే కళ్లు తెరిచింది. బావగారు, మరదలు కూడా పరీక్ష చేయించుకున్నారు.

ఇప్పుడు మా ఆవిడ పర్సులో ఆధార్ కార్డు వెనుక ఒక చీటీ ఉంటుంది: ఫలానా మందు ఇవ్వకూడదని. ఖాతా తెరవడానికి వచ్చినవారిని ఎన్ని వివరాలు అడుగుతామో మనకు తెలుసు. ఈ ఆదివారం మీ ఇంటి పెద్దలను ఈ ఒక్క ప్రశ్న అడిగి, జవాబు రాసిపెట్టుకోండి.