లినక్సుకు తగిన కంప్యూటరు ఏది?

కాజీపేట డీజిల్ ఇంజన్లనూ, విద్యుత్ ఇంజన్లనూ చూసిన ఊరు. డీజిల్ ఇంజన్ ఒక్కటే నేర్చిన డ్రైవరు విద్యుత్ ఇంజన్‌ను నడపగలడా? కంప్యూటరులోనూ అంతే. అందులోని ప్రతి పరికరాన్నీ నడిపే ప్రోగ్రాము ఒకటుంటుంది. దాని పేరు కూడా డ్రైవరే!

లినక్సు కెర్నెల్‌ను 1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించాడు. నేడు అందులో వేలాది పరికరాల డ్రైవర్లు ఉన్నాయి. అయినా అన్నీ లేవు. కనుక కంప్యూటరును ఎంచుకొనే ముందు పరీక్ష అవసరం.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11 చాలా పాత యంత్రాలను అంగీకరించదు. మరి అవన్నీ పాత సామాన్ల కొట్టుకు పోవలసినవేనా? అక్కరలేదు. ఈ నాలుగూ చూడండి.

1. ప్రాసెసరు 64 బిట్లది కావాలి.
2. మెమరీ: ఉదాహరణకు, లినక్స్ మింట్‌కు కనీసం 2 జీబీ చాలు, 4 జీబీ ఉంటే మేలు.
3. హార్డ్ డిస్కుకు బదులు ఎస్.ఎస్.డి. ఉంటే మంచిది. అందులో తిరిగే పళ్ళెం లేదు గనుక సమాచారం వేగంగా అందుతుంది.
4. గ్రాఫిక్స్: ఇంటెల్, ఏఎండీ డ్రైవర్లు కెర్నెల్‌లోనే ఉంటాయి. ఎన్విడియాకు తరచు వేరే డ్రైవరు కావాలి.

ఇక ప్రయోగం. లినక్సును పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, దానినుండే కంప్యూటరును ప్రారంభించండి. లోపలి డిస్కులోని సమాచారం చెదరదు. తెర, శబ్దం, వైఫై, ప్రింటరు పనిచేస్తున్నాయా?

మీ బడిలో మూలనపడ్డ కంప్యూటరు ఉంటే, ఉపాధ్యాయుల అనుమతితో ఈ పరీక్ష చేసి, ఫలితాలను పట్టికగా రాయండి. దానికి ఇంకా ఆయుస్సు ఉందో లేదో ఆ పట్టికే చెబుతుంది.