గోడలో వైరు, చేతిలో బిల్లు

ఎండలు ముదిరేసరికి జగ్గయ్యపేటలోనైనా, నందిగామలోనైనా ఏసీ మాట రాని ఇల్లు తక్కువ. ఏసీ కొత్తదే. గోడలో వైరు మాత్రం ఎప్పుడో ఫ్యానుకూ, ట్యూబులైటుకూ వేసింది. 1 చదరపు మిల్లీమీటరు రాగి వైరు పైపులో పది, పన్నెండు ఆంపియర్లకు మించి మోయలేదు. ఒకటిన్నర టన్నుల ఏసీయే ఏడెనిమిది లాగుతుంది. అదే లైనులో 2,000 వాట్ల ఇండక్షన్ స్టవ్ పెడితే మరో తొమ్మిది. అందుకే ఏసీకి సాధారణంగా 4, పవర్ ప్లగ్గుకు 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు విడిగా లాగుతారు.

ఎంసీబీ మాటిమాటికీ పడిపోతోందని ఇంకా పెద్దది బిగించడం మరీ ప్రమాదం. వైరు ఓర్వలేకపోతోందని అది చెబుతోంది. 32 ఆంపియర్లది పెట్టి దాని నోరు నొక్కేస్తే, వైరు గోడలోనే కాగుతుంది.

డబ్బు తీసుకుని చేసే వైరింగు కూడా 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం సేవే. ఒప్పుకున్న సైజు కాకుండా సన్నది వేస్తే సేవాలోపం. దుకాణదారు నాసి వైరు అంటగడితే సరుకులో లోపం. కానీ ప్లాస్టరింగ్ అయ్యాక లోపల ఏముందో చూపేదెలా? అంచనా కాగితంలోనే ఏ గదికి ఏ సైజో రాయించండి. వైరు మీది అచ్చు కనబడేలా ఫొటోలు తీయండి. ‘బిల్లెందుకు బాబాయ్‌గారూ, జీఎస్టీ మిగులుతుంది’ అంటారు. ఆ మిగిలేది మీ సాక్ష్యం ఖరీదు! బిల్లు మీ పేరునే తీసుకోండి. ఐఎస్ఐ గుర్తు కింది లైసెన్సు నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి. వైరింగు పని లైసెన్సున్న కాంట్రాక్టరే చేయాలన్నది విద్యుత్ భద్రతా నిబంధన. నంబరు అడిగితే అదోలా చూస్తారు, అయినా అడగండి.

నష్టం జరిగితే రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి. మన ఊళ్లు 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నాయి కనుక విజయవాడలోని వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు, ఈ-జాగృతి పోర్టల్లో ఇంటి నుంచే వేయొచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షలు దాటకపోతే రుసుము లేదు. లాయరు తప్పనిసరి కాదు. ముందు 1915కు ఫోన్ చేసినా సలహా ఇస్తారు.

అవసరమైతే కమిషన్ నమూనాను ల్యాబుకు పంపిస్తుంది. కాబట్టి కాలిన వైరు ముక్కను పారేయకండి. బాగుచేయడానికి వచ్చినతను పాత రాగి కదా అని సంచిలో వేసుకోబోయినా ఇవ్వకండి.