ఒక రక్షకుడు, ఒక జట్టు : బాబీ ఓర్ తొలి సంవత్సరం

హాకీ అనగానే మన విద్యార్థుల మనస్సులో మెదిలేది విశాలమైన మైదానం, పదకొండుగురు ఆటగాళ్ళు, చివర వంపు తిరిగిన కర్ర, తెల్లని బంతి. కెనడా దేశంలో అదే మాట వింటే కళ్ళ ముందు నిలిచేది గడ్డకట్టిన మంచు. అక్కడి ఆటగాళ్ళు అడుగున ఉక్కు పలకలు బిగించిన బూట్లతో మంచుపై జారుతూ ఆడతారు. బంతికి బదులు పక్ అనే గట్టి రబ్బరు బిళ్ళ ఉంటుంది; దాని వ్యాసం మూడు అంగుళాలు, మందం ఒక అంగుళం. ఒక్కొక్క పక్షాన ఒకేసారి మంచుపై ఉండేది ఆరుగురు మాత్రమే: గోల్‌కీపరు, ఇద్దరు రక్షకులు, దాడి చేసేవారు ముగ్గురు. ఆట అరవై నిమిషాలు సాగినా, దాని వేగానికి తట్టుకోలేక ఆటగాళ్ళు నిమిషం నిండకముందే బయటికి వచ్చి మరొకరికి చోటిస్తూ ఉంటారు.

కొత్తగా వచ్చిన ఒక ఆటగాడు, అందులోనూ గోల్ చేయడం తన ధర్మం కాని రక్షకుడు, ఓటమికి అలవాటు పడిన జట్టును ఎంతవరకు మార్చగలడు? ఈ ప్రశ్నను మేము బోస్టన్ నగరపు బ్రూయిన్స్ జట్టు చరిత్ర ఆధారంగా పరిశీలించదలచాము. కళాశాల జట్టులో వెనుక నిలిచి ఆడే ఫుల్ బ్యాక్ పేరు గెలిచిన నాడు ఎవరికీ గుర్తుండదు, ఓడిన నాడు మాత్రం అందరి నోటా వినబడుతుంది. కనుక ఈ విచారణ మన క్రీడాకారులకు కూడా కొంత ఉపయోగపడగలదని మా ఆశ.

నేషనల్ హాకీ లీగులో ఆనాడు ఉన్నవి ఆరు జట్లే. వాటిలో మొదటి నాలుగు స్థానాలు పొందినవి స్టాన్లీ కప్పు కోసం జరిగే తుది పోటీలకు అర్హత పొందేవి. ఆరింటిలో నాలుగింటికి ప్రవేశం ఉన్న పరీక్ష అంత కఠినమైనదేమీ కాదు. అయినా బ్రూయిన్స్ జట్టు 1960 నుండి 1967 వరకు వరుసగా ఎనిమిది సంవత్సరాలు ఆ పరీక్షలో తప్పింది. అది కప్పును చివరిసారిగా గెలుచుకున్నది 1941లో.

బాబీ ఓర్ 1948 మార్చి 20న కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో, ప్యారీ సౌండ్ అనే చిన్న పట్టణంలో జన్మించాడు. 1961లో మరో ఇద్దరు బాలుర ఆట చూడవచ్చిన బ్రూయిన్స్ ప్రతినిధుల దృష్టి, ఎదుటి జట్టులో ఆడుతున్న ఈ పన్నెండేళ్ళ పిల్లవానిపై పడింది. మరుసటి సంవత్సరం, పద్నాలుగేళ్ళ వయస్సులో, అతనిచేత ఒప్పందంపై సంతకం చేయించారు. కొంత సొమ్ముతోపాటు ఆ కుటుంబం నివసించే ఇంటి గోడలకు గిలాబా చేయించడం కూడా ఆ ఒప్పందంలో ఒక షరతు. ఒక క్రీడాచరిత్ర ఇంత స్వల్పమైన వెలకు చేతులు మారిందని తలచుకుంటే నవ్వు వస్తుంది, బాధ కూడా కలుగుతుంది. నాలుగేళ్ళు ఒషావా జనరల్స్ అనే జూనియర్ జట్టులో ఆడి, పద్దెనిమిదేళ్ళు నిండిన పిదప, 1966 అక్టోబరు 19న డెట్రాయిట్ జట్టుపై అతడు బ్రూయిన్స్ తరఫున తొలిసారి బరిలో దిగాడు.

అతడు రాగానే జట్టు తలరాత మారిపోయిందని చెప్పుకోవడం పరిపాటి. లెక్కలు మాత్రం అట్లా చెప్పవు. గెలుపునకు రెండు, సమానంగా ముగిసిన ఆటకు ఒకటి చొప్పున పాయింట్లు ఇచ్చే ఆ లీగులో, అతడు రాకముందు 1965-66లో బ్రూయిన్స్ సంపాదించినవి 48 పాయింట్లు, స్థానం అయిదవది. అతడు వచ్చిన 1966-67లో లభించినవి 44 పాయింట్లు, స్థానం ఆరవది, అనగా కట్టకడపటిది. రెండేళ్ళలోనూ ఓడిన ఆటలు సరిగ్గా 43. పట్టికను మాత్రమే చూసేవారు ఈ యువకుని రాక వలన జట్టుకు నష్టమే కలిగిందని వాదించవచ్చు.

ఆ వాదనను మేము అంగీకరించము. గెలుపు ఓటముల పట్టిక వెనుక మరొక లెక్క ఉన్నది. 1965-66లో ఆ జట్టు 174 గోల్స్ చేసి 275 సమర్పించుకున్నది. మరుసటి ఏడు 182 చేసి 253 ఇచ్చింది. అంటే లోటు 101 నుండి 71కి తగ్గింది. ఓటముల సంఖ్య మారలేదు గాని, ఓటమి స్వరూపం మారింది. ఈ ఘనత అంతా ఒక్కనికే కట్టబెట్టడం న్యాయం కాదు. హ్యారీ సిండెన్ అనే యువ శిక్షకుడు కూడా ఆ ఏడే బాధ్యత స్వీకరించాడు. అయినా 61 ఆటలలో 13 గోల్స్ చేసి, మరి 28 గోల్స్‌కు సహాయపడిన పద్దెనిమిదేళ్ళ రక్షకుని పాత్ర కొట్టివేయదగినది కాదు. ఆ సంవత్సరపు ఉత్తమ నూతన క్రీడాకారునికి ఇచ్చే కాల్డర్ ట్రోఫీ అతనికే లభించింది.

అతని ఆటలోని కొత్తదనమేమిటి? అంతకుముందు రక్షకుని విధి స్పష్టం: తన గోల్ ముందు నిలబడాలి, ఎదుటివాని దేహాన్ని అడ్డుకోవాలి, పక్ దొరికితే ముందువారికి అందించి తన స్థానానికి తిరిగి రావాలి. ఈ హద్దు దాటినవారు లేకపోలేదు. ఇదే బోస్టన్‌లో 1930లలో ఎడీ షోర్, 1950లలో మాంట్రియల్ జట్టులో డగ్ హార్వీ పక్‌ను స్వయంగా ముందుకు నడిపించినవారే. కాని ఓర్ దానిని అప్పుడప్పుడు చేసే సాహసంగా గాక నిత్యవ్యవహారంగా మార్చాడు. తన గోల్ వెనుక పక్ అందుకుని, మంచు పొడవునా దూసుకుపోయి, ఎదుటి గోల్ ముందు తేలేవాడు. పక్ చేజారితే దాడి చేస్తున్నవారి కంటే ముందుగా వెనుకకు చేరేవాడు. మన హాకీలో కూడా ఫుల్ బ్యాక్‌లు గోల్స్ చేస్తారు. 1975 ప్రపంచ కప్పులో మలేషియాపై అస్లం షేర్ ఖాన్ చేసిన గోల్‌ను క్రీడాభిమానులు మరువలేదు. అయితే అది ఆట ఆగినప్పుడు లభించే పెనాల్టీ కార్నర్ ద్వారా వచ్చినది. ఓర్ చేసినది సాగుతున్న ఆటలోనే.

శిక్ష పడి ఒక ఆటగాడు రెండు నిమిషాలు బయట కూర్చున్నప్పుడు, మిగిలినవారు పక్‌ను దూరంగా విసిరివేసి కాలం గడపడం ఆచారం. తరువాతి సంవత్సరాలలో ఓర్ అట్లా విసరక, పక్‌ను తన కర్రకే అంటిపెట్టుకుని చుట్లు తిరుగుతూ ఎదుటివారిని తిప్పలు పెట్టేవాడు. పక్ మన వద్ద ఉన్నంతసేపు వారు గోల్ చేయలేరు కదా! రక్షణ అంటే అడ్డుకోవడమే కాదు, ఆటను తన అధీనంలో ఉంచుకోవడమని ఇంతకంటే సూటిగా చూపించినవారు మాకు కనబడరు.

1967 మే నెలలో యాజమాన్యం షికాగో జట్టు నుండి ఫిల్ ఎస్పొజిటో, కెన్ హాడ్జ్, ఫ్రెడ్ స్టాన్‌ఫీల్డ్‌లను మార్పిడిలో తెచ్చుకున్నది. వెనుకనుండి పక్‌ను తెచ్చేవాడు ఉన్నాడు. దానిని అందుకుని గోల్ చేసేవారు కావాలి. 1967-68లో బ్రూయిన్స్ 84 పాయింట్లతో తన విభాగంలో మూడవ స్థానం పొంది, తుది పోటీలకు చేరింది. అయితే ఆ ఏడే లీగు పన్నెండు జట్లకు విస్తరించిందని, 74 ఆటలలో 24 ఆ కొత్త జట్లతోనే జరిగినవని మరువరాదు. పైగా గాయాల వలన ఓర్ ఆడినవి 46 ఆటలే.

1967లో ఉత్తమ రక్షకునికి ఇచ్చే నారిస్ ట్రోఫీ న్యూయార్క్ ఆటగాడు హ్యారీ హోవెల్‌కు దక్కింది. ఇకపై ఇది ఓర్ సొత్తు అవుతుంది గనుక ఇప్పుడే లభించినందుకు సంతోషమని ఆయన అన్నాడు. 1968 నుండి 1975 వరకు ఎనిమిదేళ్ళూ ఆ ట్రోఫీ ఓర్‌కే లభించింది. 1969-70లో 120 పాయింట్లతో లీగు మొత్తానికి ప్రథముడై, ఆ గౌరవం పొందిన మొదటి రక్షకుడయ్యాడు. 1970 మే 10న సెయింట్ లూయిస్ జట్టుపై అదనపు సమయంలో నలభైవ సెకనున అతడు చేసిన గోల్‌తో స్టాన్లీ కప్పు ఇరవై తొమ్మిదేళ్ళకు బోస్టన్ చేరింది.

ఈ ఆటతీరుకు అతడు చెల్లించిన మూల్యం కూడా తొలి ఏడే మొదలయింది. 1966 డిసెంబరులో టొరాంటో జట్టుతో ఆడుతుండగా మోకాలికి దెబ్బ తగిలి తొమ్మిది ఆటలకు దూరమయ్యాడు. ముందుకు దూసుకుపోయే రక్షకుడు ఎదుటివారి దెబ్బలకు తన దేహాన్ని ఎరగా పెట్టక తప్పదు. శస్త్రచికిత్సలు ఒకదాని వెంట ఒకటి జరిగినా మోకాలు కుదుటపడలేదు. 1976లో షికాగో జట్టుకు మారి, అక్కడ ఇరవై ఆరుకు మించి ఆటలు ఆడలేక, 1978లో విరమించాడు. మరుసటి సంవత్సరం హాకీ కీర్తిమందిరం వారు సాధారణంగా పాటించే నిరీక్షణ కాలాన్ని సడలించి అతనిని చేర్చుకున్నారు. అప్పటికి అతని వయస్సు 31 సంవత్సరాలు.